ఆ పక్కును గిల్లకండి

వారం రోజుల మేకపిల్ల నెత్తి మీద వేలు పెట్టి చూడండి. కొమ్ములు రాబోయే చోట వెంట్రుకలు రెండు సుడులు తిరిగి ఉంటాయి. సుడి కింద శనగగింజంత మొలక గట్టిగా తగులుతుంది. దాని మీది చర్మాన్ని జరపబోతే జరగదు, ఎముకకు అతుక్కున్నట్టే ఉంటుంది. అమెరికాలోని విస్కాన్సిన్ లాంటి చోట్ల, పాలమేకల ఫారాల్లో ఆ మొలకను అప్పుడే కాగిన ఇనుముతో కాల్చేస్తారు. కొమ్ములున్న మేకలు మేత తొట్ల కమ్మీల్లో తల ఇరికించుకుంటాయి, పక్క మేకల పొదుగుల్ని పొడుస్తాయి. అక్కడ మేకలు చూలు కట్టేది ఎక్కువగా ఆకులు రాలే కాలంలో. ఐదు నెలలకు ఈనుతాయి. అందుకే చాలా పిల్లలకు ఈ కాల్పు గడ్డకట్టే చలిలోనే పడుతుంది.

మరి ఆ చలిలో పుండు మానుతుందా? మానుతుంది. ఒక విధంగా చలి మేలే చేస్తుంది. మన ఊళ్లలో మేకకు పుండు పడితే ముందు భయపడేది ఈగలకే. ఈగ వాలిందంటే పురుగు పడుతుందని వేపనూనె రాస్తాం. మంచు కురిసే రోజుల్లో ఆ బెడద ఉండదు. అక్కడ పుండును పాడు చేసేది తడి. పిల్ల ప్రాణం మీదికి తెచ్చేది ఆకలి.

ఎందుకంటే, కాల్చిన చోట చర్మం పూర్తి మందాన కాలిపోతుంది. మిగిలిన గోధుమరంగు పెచ్చే గట్టిపడి పక్కు అవుతుంది. దాని చాటున, అంచుల నుంచి లోపలికి, కొత్త చర్మం కొద్దికొద్దిగా పాకుతుంది. పైన ఇంకే కట్టూ అక్కర్లేదు, ఆ పక్కే కట్టు. అది దానంతటది ఊడడానికి నెల పైనే పడుతుంది, ఒక్కోదానికి రెండు నెలలూ పట్టవచ్చు. నానితే మెత్తబడి ముందే లేచిపోతుంది. చలికి ఎండిపోతోందేమోనని జిడ్డు మందులు దట్టంగా రాయడం అందుకే మంచిది కాదు. జిడ్డుకు దుమ్మూ గడ్డిపరకలూ అంటుకుంటాయి, తోటి పిల్లలు వచ్చి నాకుతాయి. డాక్టరు స్ప్రే ఇస్తే కళ్లకు అరచెయ్యి అడ్డం పెట్టి పలచగా కొట్టండి, చాలు. కాల్చిన వేడి తగ్గడానికి ఐసు ముద్ద ఆనించినా కొద్ది క్షణాలే ఆనించి, వెంట్రుకలు పొడిగా తుడవండి.

పాకను ఎలా ఉంచాలి? కింద ఎండుగడ్డి దట్టంగా పరవండి. పిల్ల పడుకుంటే కాళ్లు అందులో మునగాలి. పిల్లల ఎత్తున ఈదురుగాలి తగలకూడదు. అలాగని సందు లేకుండా మూసేస్తే లోపలి ఆవిరి పైకప్పుకు పట్టి చుక్కలుగా కారేది ఆ పుండు మీదే. మూత్రం ఘాటూ కమ్ముతుంది. పై నుంచి గాలి పోయే దారి వదలండి. వెచ్చదనానికి దీపం వేలాడదీస్తే గడ్డికి నిప్పంటుకునే ప్రమాదం ఉంది. నాలుగు పిల్లలు ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకుంటే వచ్చే వెచ్చదనమే నమ్మదగింది, కావాలంటే వీపుకు చిన్న కోటు కట్టండి.

ఇక నొప్పి సంగతి. పిల్ల అల్పప్రాణి కదా, ఇట్టే మరిచిపోతుందనుకోవడం తప్పు. నొప్పితో ఒక పూట పాలు తాగకపోతే, ఒంట్లో కొవ్వు లేని పిల్ల ఆ రాత్రికే చల్లబడిపోతుంది. బ్రిటన్‌లో ఈ పని పశువైద్యులే, మత్తిచ్చే చెయ్యాలని చట్టం. అదే సరైన పద్ధతి. తిమ్మిరి మందు మోతాదు మించితే మేకపిల్లకు విషం, కాబట్టి కొలత వైద్యుడి చేతిలోనే ఉండాలి. మత్తిస్తే ఒంటి వేడి కూడా పడిపోతుంది, పిల్ల లేచి నిలబడేదాకా వెచ్చగా ఉంచి కనిపెట్టుకుని ఉండండి. నోట్లో వేలు పెట్టి చూడండి. వెచ్చగా ఉండి, వేలును చప్పరిస్తే సీసా అందించండి. నోరు చల్లగా తగిలితే ముందు ఒళ్లు వేడెక్కించాలి, పాలు ఆ తరవాతే.

ఇంకో భయం ధనుర్వాతం. ఆ క్రిమికి గాలి సోకని చోటు కావాలి. పక్కు అడుగున దానికి ఆ చోటు దొరుకుతుంది. తల్లికి ఈనడానికి నెల ముందు టీకా వేయించి, పిల్లకు జున్నుపాలు తాగిస్తే కొంత రక్షణ ఉంటుంది. టీకా వేయించని తల్లి పిల్లకైతే కాల్చిన రోజే విరుగుడు సూది గురించి డాక్టర్ని అడగండి.

పిల్లలు కుమ్ములాడుకుని పక్కు లేచిపోతే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. నెత్తురు ఆగాక మళ్లీ మళ్లీ తెరిచి చూడొద్దు. చీము వాసన, వాపు, పాలు మానేయడం, తల ఒక పక్కకు వాల్చడం కనిపిస్తే మాత్రం ఆ గంటలోనే డాక్టర్ని పిలవాలి. మేకపిల్ల పుర్రె చాలా పలచన, మెదడు ఎంతో దూరంలో లేదు.

ఏదో ఒక ఉదయం గడ్డిలో పక్కు ఊడిపడి కనిపిస్తుంది. ఆ చోట చర్మం గులాబీ రంగులో, వెంట్రుక లేకుండా నున్నగా ఉంటుంది. వేలితో నిమిరి చూడండి. కింద మళ్లీ గట్టిగా తగిలిందంటే కొమ్ము వేరు కొంత మిగిలిందన్నమాట. అది పెరగకముందే డాక్టరుకు చూపించండి.