సెలంగోర్ ఇచ్చే వెయ్యి రింగిట్లు మనకెందుకు రావు? మన పిల్లల డబ్బు ఎక్కడుంది?

సైట్లో టీ టైమ్‌లో తరచూ వినపడే ప్రశ్న ఇది: "సెలంగోర్‌లో ఉద్యోగం చేసే తల్లులకి పిల్లల్ని చూసుకునే ఖర్చుకని వెయ్యి రింగిట్లు ఇస్తున్నారంట. మనమూ ఇక్కడే కదా కష్టపడేది, మనకి రాదా?" ఎపిసోడ్‌లో రెండు ముక్కల్లో చెప్పిన జవాబుని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మనకి రాదు. ఎందుకు రాదో అర్థమైతే, మనకి రావాల్సింది ఎక్కడుందో కూడా అర్థమవుతుంది.

ఎవరి జేబు, ఎవరి ఖర్చు

మలేసియాలో చదువు ఫెడరల్ ప్రభుత్వం చేతిలో ఉంటుంది. టీచర్ల జీతాలు, సిలబస్, బడికి ఇచ్చే గ్రాంటు అన్నీ పుత్రజయ నుంచే. మన పంచాయతీ, మున్సిపాలిటీ లాంటిది ఇక్కడ మజ్లిస్. దీనికి 1965 నుంచి ఎన్నికల్లేవు, కౌన్సిలర్లని రాష్ట్ర ప్రభుత్వమే వేస్తుంది. ఇంటి ఓనర్లు కట్టే చుకాయ్ పింతు, అంటే మన ఇంటిపన్ను లాంటిది, చెత్త, కాలవలు, వీధి లైట్లకి పోతుంది. బడులకి పోదు.

పిల్లల సంరక్షణ కేంద్రాల విషయంలో మాత్రం మజ్లిస్ మాట నడుస్తుంది. 4 ఏళ్ల లోపు పిల్లల్ని చూసుకునే చోటుని తాస్కా అంటారు. 1984 నాటి చట్టం ప్రకారం నలుగురు, అంతకు మించి పిల్లల్ని డబ్బు తీసుకుని చూసుకుంటే రిజిస్టర్ చేయాలి. దానికి మజ్లిస్, ఫైర్ డిపార్ట్‌మెంట్ బొంబా, ఆరోగ్య శాఖ మూడూ ఒప్పుకోవాలి. మన పనిలో ఉన్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది: ఉండటానికి కట్టిన లింక్ హౌస్‌ని తాస్కాగా మార్చాలంటే వాడకం మార్పు పర్మిషన్, బయటికి పోయే దారి, ఫైర్ సిలిండర్లు, టాయిలెట్లు అన్నీ సరిచేయాలి. ఆ ఖర్చు చివరికి ఫీజులో కలుస్తుంది. అందుకే చాలామంది తల్లులు పక్కింటి ఆంటీ దగ్గరే పిల్లల్ని వదిలేస్తారు.

ఇక్కడే రాష్ట్ర ప్రభుత్వం చేయి వేసింది. సెలంగోర్ 2023 బడ్జెట్‌లో మామా కెర్జా అనే పథకం పెట్టి, ఆదాయ పరిమితి లోపు ఉన్న ఉద్యోగినులైన తల్లులకి 1,000 రింగిట్ల సాయం మొదలుపెట్టింది. ఇది ఆ రాష్ట్రంలో ఉండే మలేసియా పౌరులకి. మన పేరు ఆ లిస్టులోకి రాదు.

బడి నేల ఎవరిది?

ఒకే ఊళ్ళో రెండు సర్కారు బడులు ఒకలా ఎందుకుండవు అని కూడా అడుగుతుంటారు. దీనికి జవాబు రబ్బరు తోటల కాలంలో ఉంది. 1923 లేబర్ కోడ్ ప్రకారం, బడి వయసు పిల్లలు పదిమంది, ఆపైన ఉంటే తోట యజమాని బడి పెట్టాలి. పెట్టారు, కానీ ఖర్చు యజమానిది కాబట్టి చాలాచోట్ల అది ఒక రేకుల షెడ్డు, చదువొచ్చిన ఒక కూలీయో గుమాస్తానో టీచరు. తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ ఆ తోటల్లోనే పనిచేశారు. కింది పేరాక్‌లో బగాన్ దాతు వైపు ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి. తెలుగు బళ్ళు మాత్రం మూతపడి, పిల్లలు తమిళ, మలయ్ బడులకి పోయారు.

ఆ పాత లెక్క ఇంకా నడుస్తోంది. నేల ప్రభుత్వానిది అయితే బడి పూర్తి ప్రభుత్వ బడి. నేల తోట కంపెనీదో, ట్రస్టుదో అయితే అది ఎయిడెడ్ బడి: టీచర్ల జీతాలు ప్రభుత్వమే ఇస్తుంది, కట్టడం, రిపేర్ల భారం ఎక్కువగా బడి బోర్డు మీద పడుతుంది. తమిళ బడుల్లో ఎక్కువ భాగం ఈ ఎయిడెడ్ బడులే. సెలంగోర్, పెనాంగ్ రాష్ట్రాలు తమ బడ్జెట్ నుంచి తమిళ బడులకి విడిగా డబ్బు ఇచ్చేది ఈ లోటు కొంత పూడ్చడానికే.

మనం ఎక్కడ నిలబడతాం

మనలో ఎక్కువమందిది కన్‌స్ట్రక్షన్ పెర్మిట్. దాని మీద భార్యాపిల్లల్ని తెచ్చుకోకూడదు. మన పేరు మీద కంపెనీ ఏడాదికి కట్టే 1,850 రింగిట్ల లెవీ ఫెడరల్ ఖజానాకి పోతుంది. ఆ డబ్బుతో మన పిల్లలకి ఇక్కడ ఏ హక్కూ రాదు.

ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద కుటుంబాన్ని తెచ్చుకున్నవాళ్ళకి ఒక్క దారి ఉంది. ఇక్కడ ట్యాక్స్ రెసిడెంట్ అయి ఉంటే, 6 ఏళ్ల లోపు పిల్లకి రిజిస్టర్డ్ తాస్కా లేదా తాదికాలో కట్టిన ఫీజు మీద 3,000 రింగిట్ల వరకు ఆదాయంలో మినహాయింపు అడగొచ్చు. రసీదు దాచుకోండి. పక్కింటి ఆంటీకి చేతికిచ్చిన డబ్బు ఈ లెక్కలోకి రాదు.

మిగతావాళ్ళ సంగతికి వస్తే, పిల్లల డబ్బు తండ్రి పనిచేసే చోట ఉండదు, పిల్ల పేరు రాసి ఉన్న చోట ఉంటుంది. మన పిల్లల పేర్లు ఊళ్ళో ఉన్నాయి.

"ఆయన ఫారిన్‌లో ఉన్నాడు, మనకి అంగన్‌వాడీ ఏంటి" అని ఇంట్లో మొహమాటపడతారు. అప్పు చేసి కాన్వెంట్ ఫీజు కడతారు. 1975లో మొదలైన అంగన్‌వాడీ పథకం 6 నెలల నుంచి 6 ఏళ్ల పిల్లలకి తిండి, 3 ఏళ్లు దాటినవాళ్ళకి ఆటపాటల చదువు ఇస్తుంది. మీరు విదేశంలో ఉన్నారని పిల్ల హక్కు పోదు.

ఆంధ్రావాళ్ళకి 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం ఉంది. అర్హత ఉన్న ఇంట్లో చదువుకునే ప్రతి పిల్లకీ 15,000 రూపాయలు. అందులో 13,000 తల్లి ఖాతాకి, 2,000 బడి నిర్వహణకి. ఆ 2,000 మీ బడిలో టాయిలెట్‌కి పోయిందా, నీళ్ళకి పోయిందా అని అడిగే హక్కు తల్లికి ఉంది. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. మహిళా సంఘం నాయకురాలు అధ్యక్షురాలు, హెడ్‌మాస్టర్ కన్వీనర్. బడి రిపేర్ల పనులు ఆ కమిటీ చేతుల మీదుగా జరిగాయి.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులో, పిల్లల బాగోగులు చూసే గార్డియన్లో ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బడికి ఏమేం కావాలో ప్లాన్ రాసేది కూడా ఆ కమిటీనే. మీరు ఊళ్ళో లేకపోయినా మీ ఆవిడ సభ్యురాలు కావచ్చు.

ఈ వారం ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు మూడు విషయాలు కనుక్కోండి. చిన్నదాని పేరు అంగన్‌వాడీ రిజిస్టర్లో ఉందా? తల్లి బ్యాంకు ఖాతాకి ఆధార్ లింక్ అయిందా? బడి కమిటీలో ఎవరెవరున్నారు? వీలైతే ఫోన్‌ని బడి గోడల వైపు, నీళ్ళ ట్యాంకు వైపు తిప్పమనండి. స్లాబ్ కారుతోందా, వైరింగ్ బయటికి వేలాడుతోందా మనకి ఒక్క చూపులో తెలుస్తుంది. చూసింది కాగితం మీద రాయించి, కమిటీ మీటింగ్‌లో మీ ఆవిడ చేత ఇప్పించండి.