బడి వేళకు కడుపునొప్పి

ఆదివారమంతా చలాకీగా ఆడుకున్న పిల్లవాడు సోమవారం పొద్దున బడి వేళకు కడుపు పట్టుకుని కూర్చుంటాడు. బడి వేళ దాటితే నొప్పి మాయం! ‘దొంగవేషాలు’ అని కసరకండి. భయం, దిగులు కలిగినప్పుడు మెదడు పంపే సంకేతాలవల్ల పేగుల కదలిక మారుతుంది. కనుక నొప్పి నిజమైనదే.

అయితే జ్వరం, వాంతులు, మలంలో రక్తం, బరువు తగ్గడం, నిద్రలో నొప్పితో లేవడం, బొడ్డుకు దూరంగా ఒకేచోట నొప్పి – వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించాలి.

ఇవేవీ లేకపోతే కారణం బడిలో వెతకాలి. నల్లబల్లమీది అక్షరాలు కనబడకపోవడం, చెవి సరిగా వినబడకపోవడం, మరుగుదొడ్డికి వెళ్ళడానికి జంకు, తోటివాళ్ళ వెక్కిరింపు, మాస్టారి బెత్తం – ఏదైనా కావచ్చు. బడిలో పిల్లలను కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. అటువంటిది ఉంటే ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడండి.

ఇంట్లో ‘అల్లరి చేస్తే మాస్టారితో చెప్తా’ అని బెదిరించవద్దు. నొప్పి అన్నప్పుడల్లా బడి మాన్పిస్తే మర్నాడు పంపడం మరీ కష్టమవుతుంది. రాత్రి పెందలాడే పడుకోబెట్టండి. పొద్దున తొందరపెట్టకుండా టిఫిను పెట్టి, ‘సాయంత్రం గేటు దగ్గర ఉంటాను’ అని చెప్పి పంపండి. చెప్పినట్టే ఉండండి. రాగానే మార్కుల సంగతి ఎత్తకుండా, ‘ఇవాళ ఎవరితో ఆడుకున్నావు?’ అని అడగండి.