లేచేముందే తీర్మానం రాయాలి

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. కళ్యాణదుర్గం చుట్టుపక్కల ఎర్రనేలల్లో వేరుశనగ వేసే రైతు పదును ఆరేలోపు విత్తుకోవాలి. విత్తనకాయలు ఎక్కడ కొనాలి, ఏ ధరకు కొనాలి, డబ్బు ఎక్కడి నుంచి తేవాలి అన్నవి రైతు ఉత్పత్తిదారుల సంస్థలో డైరెక్టర్లు ముందే కూర్చుని తేల్చాలి. రెండు గంటలు మాట్లాడుకుని ‘చూద్దాంలే’ అని లేచిపోతే అదను దాటిపోతుంది. కాబట్టి మీటింగు సరిగ్గా జరిగిందా లేదా అనడానికి నా లెక్కలో కొలత ఒక్కటే. ఏం తేలింది, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అన్న మూడూ లేచేముందే, అందరి ఎదుటా పుస్తకంలోకి ఎక్కాలి.

ఈ పద్ధతి నేర్చుకోవడానికి ఏ నగరానికో పోనక్కర్లేదు. మన ఊళ్ల పొదుపు సంఘాల మహిళలు దీన్ని ఎప్పటినుంచో చేసి చూపిస్తున్నారు. వాళ్ల పంచసూత్రాల్లో మొదటిదే క్రమం తప్పని సమావేశం. పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ తర్వాతవి. పది పదిహేను మంది గుండ్రంగా కూర్చుంటారు. ముందు హాజరు. తర్వాత ఒక్కొక్కరు పొదుపు, అప్పు కంతు అందరికీ కనబడేలా కడతారు. అప్పు కావలసిన మనిషి ఎందుకు కావాలో తనే చెప్పాలి. మిగతావాళ్లు అడగాల్సినవి అడుగుతారు. ఎవరికి ముందు ఇవ్వాలో అక్కడే తేల్చి, తీర్మానం రాసి, పైకి చదివి, సంతకాలు చేస్తారు. సంతకం రానివారు వేలిముద్ర వేస్తారు. పైకి చదవడమే ఇందులో కీలకమని నాకనిపిస్తుంది. చదువు రాని సభ్యురాలికి కూడా తాను దేనికి ఒప్పుకుందో అప్పుడే తెలుస్తుంది. ‘నేనలా అనలేదు’ అన్న మాటకు తర్వాత తావుండదు.

ఈ క్రమశిక్షణకు విలువ ఉందని బ్యాంకులే ఒప్పుకున్నాయి. 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపే పని మొదలుపెట్టినప్పుడు ఆ పేద మహిళల దగ్గర తాకట్టు పెట్టడానికి ఆస్తులు లేవు. సమావేశాలు వరుసగా జరుగుతున్నాయా, పుస్తకాలు సరిగ్గా ఉన్నాయా అన్నదే పూచీ అయింది. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కూడా ఈ పంచసూత్రాలనే పట్టుకుంది. ఇక రైతు సంస్థల సంగతికొస్తే, ఉత్పత్తిదారుల కంపెనీలుగా నమోదైనవాటికి చట్టం మూడు నెలలకు ఒకసారైనా బోర్డు సమావేశం కావాలంటుంది, మినిట్స్ రాయడానికి 30 రోజుల గడువిస్తుంది. గడువుంది కదా అని ఆగితే, చివరికి రాసేవారికి గుర్తున్నదే తీర్మానమవుతుంది.

సంఘాల్లోనూ సమావేశం జరగకుండానే పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టిస్తారు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, అలా జరిగే చోట్లున్నాయి. నాయకురాలు వాడుకున్న డబ్బు ఎవరికీ తెలియకుండా పోయేదీ అక్కడే. సమావేశం మానేస్తే ఏమవుతుందో అది చూపుతుంది గానీ, పద్ధతిలో తప్పుందని చూపదు. కూలికి పోయేవాళ్లకు తీరికెక్కడిది అన్న అభ్యంతరం ఇంతకంటే బరువైనది. అందుకు జవాబు మీటింగు మానడం కాదు, సాయంత్రం పనుల నుంచి వచ్చాక పెట్టుకోవడం, చర్చించే విషయాలు రెండు మూడింటికి మించకుండా చూసుకోవడం. ఇక వాట్సాప్ గ్రూపు ఉంటే చాలదా అంటారు. కబురు చెప్పడానికి చాలు. అప్పు ఎవరికి, ఏ సరుకు ఏ ధరకు అన్నచోట మాత్రం కాదనాలనుకున్న మనిషి ఫోనులో మౌనంగా ఉండిపోతుంది. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఆ మౌనం కనబడుతుంది, ‘నువ్వేమంటావమ్మా?’ అని అడగవచ్చు.

కళ్యాణదుర్గం డివిజన్‌లో రైతు సంస్థలు నడిపేవారికీ, మండీ వ్యాపారులకూ, సహకార సంఘాల డైరెక్టర్లకూ నా విన్నపం ఇదే. వచ్చే మీటింగులో చివరి పావుగంట మాటలు ఆపి, తీర్మానాలు రాసి, ఒక్కో పనికి ఒక్క పేరు, ఒక్క తేదీ పెట్టి, పైకి చదివించి సంతకాలు చేయించండి. ఆ తర్వాతి మీటింగును అదే పుస్తకం తెరిచి, ఏది అయింది, ఏది కాలేదు అన్న ప్రశ్నతోనే మొదలుపెట్టండి.