బూస్టర్ పడితే జ్వరం రావాల్సిందేనా?

మన దేశంలో కొవిడ్ టీకా మూడో డోసు 2022 జనవరి 10న మొదలైంది. ప్రభుత్వం ‘ప్రికాషన్ డోసు’ అన్నా, జనం నోట బూస్టర్‌గానే నిలిచింది. వెంటనే ఓ లెక్క పుట్టుకొచ్చింది: రెండో డోసుకే జ్వరం వచ్చినవాళ్లు మూడోదానికి మంచం పట్టడం ఖాయమని!

అదేం లేదు. చేయి నొప్పి, ఒళ్లు నొప్పులు, నీరసం, కాస్త జ్వరం... ముందు డోసులకు వచ్చినవే వస్తాయి, చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. బూస్టర్ తర్వాత కాస్త ఎక్కువగా కనిపించింది ఒక్కటే, అది చంకలో బిళ్ల కట్టడం. ఫైజర్ ట్రయల్‌లో మొదటి రెండు డోసులకు 0.4 శాతం మందిలోనే ఉన్న ఈ వాపు, బూస్టర్‌కు 5 శాతానికి చేరింది. స్నానం చేస్తుంటే చేతికి గడ్డలా తగిలేసరికి రొమ్ము క్యాన్సరేమోనని హడలిపోయే మహిళలకు ఈ సంగతి ముందే చెప్పాలి. మామోగ్రామ్‌కు వెళ్లేవారు టీకా ఎప్పుడు, ఏ చేతికి వేయించుకున్నదీ అక్కడ చెప్పాలి. వారాలు గడిచినా బిళ్ల తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాల్సిందే.

జ్వరం రాకపోతే టీకా ఒంటికి పట్టలేదనడమూ అపోహే. ఏ ఇబ్బందీ లేనివారిలోనూ యాంటీబాడీలు తయారవుతాయి. పైగా 12 ట్రయల్స్ ఫలితాలను కలిపి చూసిన పరిశోధకులకు, టీకా మందే లేని ఉత్తుత్తి సూది మొదటిసారి పడినవారిలోనూ 35 శాతం మంది తలనొప్పి, నీరసం లాంటివి చెప్పినట్టు తేలింది. ఆ బాధ అబద్ధం కాదు. దానికి కారణం మాత్రం టీకా కాదు.

అలాగని ‘ఏమీ కాదు లెండి’ అని తేల్చేయడమూ తప్పే. కోవిషీల్డ్ రకం టీకాతో అత్యంత అరుదుగా రక్తం గడ్డకట్టిన మాట నిజం. అదీ ఎక్కువగా మొదటి డోసు తర్వాత. ఫైజర్, మోడెర్నా టీకాలతో కొద్దిమందికి, ముఖ్యంగా టీనేజీ అబ్బాయిలకు, యువకులకు, గుండె కండరం వాచింది. ఇది ఎక్కువగా రెండో డోసు తర్వాత కనిపించింది. వీటిని దాచిపెడితే వదంతులకే బలం.

మరి టీకా వల్లేనని చెప్పుకునే కుర్రాళ్ల హఠాన్మరణాలు? 18–45 ఏళ్లవారిపై భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 47 ఆసుపత్రుల్లో జరిపి, 2023లో వెలువరించిన అధ్యయనంలో టీకా వల్ల ఆ ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. రెండు డోసులు వేయించుకున్నవారిలో తగ్గింది కూడా. ముప్పు పెరిగింది అంతకుముందు కొవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవారికి, కుటుంబంలో హఠాన్మరణాలు ఉన్నవారికి, చనిపోయే ముందు రెండు రోజుల్లో అతిగా తాగినవారికి లేదా విపరీతంగా శ్రమపడినవారికి.

టీకా తర్వాత ఛాతీలో నొప్పి, ఆయాసం, గుండెదడ, కాలు వాపు, ఎంతకీ తగ్గని తలనొప్పి ఉంటే మాత్రం పారాసిటమాల్ వేసుకుని పడుకోకూడదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి, ఏ టీకా ఎప్పుడు వేయించుకున్నారో చెప్పాలి.