ఉచిత కోడ్‌కు చందా ఎందుకు?

లినక్స్‌ను ఎవరైనా పైసా కట్టకుండా దించుకోవచ్చు, నకళ్లు తీసి పంచవచ్చు, సోర్స్ కోడ్ తెరిచి మార్చుకోవచ్చు. అయినా బ్యాంకులు, టెలికాం కంపెనీలు అదే లినక్స్‌కు ఏటా చందా కడుతున్నాయి. ఆ సొమ్ము ప్రోగ్రాం ధర కాదు. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఫోనెత్తి జవాబు చెప్పడానికి, భద్రతా లోపం బయటపడితే వెంటనే పూడ్చడానికి ఒకరు ఉంటారన్న భరోసాకు కట్టే డబ్బు.

ఈ వ్యాపారానికి దారి వేసిన కంపెనీ 1989లో అమెరికాలో మొదలైన సిగ్నస్. జీసీసీ కంపైలర్ వంటి ఉచిత సాధనాలకు సపోర్టు అమ్మి బతకవచ్చని అది చూపించింది. పదేళ్లకు దాన్ని కొనేసిన రెడ్‌హ్యాట్ తొలిరోజుల్లో లినక్స్ సీడీలను పెట్టెల్లో పెట్టి అమ్మేది. ఒక్క సీడీ కొంటే ఎన్ని కంప్యూటర్లకైనా సరిపోయేది, మళ్లీ కొనాల్సిన పని ఉండేది కాదు. అందుకే 2002లో వ్యాపార సంస్థల కోసం విడిగా ఒక లినక్స్ తెచ్చి దానికి చందా పెట్టింది. 2012 ఆర్థిక సంవత్సరానికి రాబడి 100 కోట్ల డాలర్లు దాటింది. 2019లో ఐబీఎం ఆ కంపెనీని 3,400 కోట్ల డాలర్లకు సొంతం చేసుకుంది.

చందాదారుకు దక్కేదేమిటో 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు బాగా కనిపించింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తయారీదారులు సవరణతో 1.0.1జి వెర్షన్ విడుదల చేశారు. కొత్త వెర్షన్ అంటే ఇతర మార్పులూ వెంట వస్తాయి. ఏళ్లుగా నడుస్తున్న బ్యాంకు అప్లికేషన్ వాటితో ఎక్కడ మొరాయిస్తుందో చెప్పలేం. రెడ్‌హ్యాట్ తన లినక్స్ ఆరో వెర్షన్‌లోని పాత 1.0.1ఇనే ఉంచి, లోపమున్న చోట మాత్రం సవరణ చేర్చింది. దీన్నే బ్యాక్‌పోర్టింగ్ అంటారు. వెర్షన్ నంబరు చూసి తీర్పు చెప్పే స్కానర్లు ఇలాంటి సర్వర్లను దోషులుగా చూపిస్తాయి, ఆడిటర్లకు సర్దిచెప్పుకోలేక అడ్మిన్లు పాట్లు పడతారు. అసలు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు మాత్రం అప్పట్లో ఏడాదికి వచ్చే విరాళాలు దాదాపు 2,000 డాలర్లే. చందా డబ్బు కోడ్ రాసిన అందరి దాకా చేరకపోవడం ఈ పద్ధతిలోని పెద్ద లోటు.

లినక్స్‌కు వర్తించే జీపీఎల్ లైసెన్సు ప్రకారం ప్రోగ్రాం అందుకున్నవారికి సోర్స్ ఇవ్వాలి. రెడ్‌హ్యాట్ దాన్ని అందరికీ అందుబాటులో ఉంచేది. ఆ సోర్స్‌లోంచి కంపెనీ పేరు, గుర్తులు తీసేసి, తిరిగి కంపైల్ చేసి 2004 నుంచి సెంటాస్ అనే ప్రాజెక్టు ఉచితంగా పంచింది. అమీర్‌పేటలో లినక్స్ అడ్మిన్ కోర్సు నేర్చుకునే కుర్రాడికి చందా లేకుండా సాధన చేసుకునే వీలు కల్పించింది ఇలాంటి నకలే. 2014లో సెంటాస్ రెడ్‌హ్యాట్ నీడకు చేరింది. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయనుకున్న సెంటాస్ 8ను 2021తోనే ఆపేస్తున్నట్టు 2020 డిసెంబరులో ప్రకటన వెలువడింది. లైసెన్సు ప్రకారం తప్పులేదు, నమ్మి సర్వర్లు పెట్టుకున్నవారికి మాత్రం ఏడాదే మిగిలింది. కొన్ని నెలల్లోనే అలాంటి నకళ్లుగా ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ వచ్చాయి. 2023 జూన్‌లో రెడ్‌హ్యాట్ తన విడుదలల సోర్స్‌ను కస్టమర్లకే పరిమితం చేసింది. దాంతో ఆల్మా రెడ్‌హ్యాట్ లినక్స్‌కు అచ్చుగుద్దినట్టు ఉండాలన్న పట్టు వదిలేసి, అప్లికేషన్లు తేడా లేకుండా నడిస్తే చాలనుకుంది.

ఇలాంటి గాలి మార్పులను ముందే పసిగట్టాలంటే డెవలపర్ల చర్చలు చదవాలి. సర్వర్లు చూసుకునేవారికి అంత తీరిక ఎక్కడిది? ఆ చర్చలను వడగట్టి అందించే వారపత్రిక ఎల్‌డబ్ల్యూఎన్. జొనాథన్ కార్బెట్, ఎలిజబెత్ కూల్‌బా 1998 జనవరిలో దీన్ని మొదలుపెట్టారు. వారు నిజానికి దిగాలనుకున్నది లినక్స్ సపోర్టు వ్యాపారంలోకి, వార్తలు దానికి ప్రచారం కోసం. చివరికి నిలిచింది వార్తలే. 2002లో డబ్బుల్లేక మూసేస్తామని ప్రకటించగానే పాఠకులు విరాళాలు పంపారు. ఆ ఏడాదే చందా పద్ధతి వచ్చింది. కొత్త వ్యాసాలు చందాదారులు ముందుగా చదువుతారు, వారం పది రోజుల్లో అవి అందరికీ ఉచితమవుతాయి.