నెలలు నిండని శిశువు - కంటి పరీక్ష

రాయపూరు నగరమందలి పండరీ బట్టల బజారునకు పేరుపొందినది. నేత అంచు చేరకమునుపే మగ్గము నుండి దింపిన వస్త్రము నిలువదని అచటి వర్తకు లెరుగుదురు. నెలలు నిండక పుట్టిన శిశువు కంటిలో జరుగునదియు ఇంచుమించు అట్టిదే.

కంటి వెనుక భాగమున లోపలివైపు అంటియుండి వెలుతురును గ్రహించు పలుచని పొరకు రెటీనా అని పేరు. గర్భమందు సుమారు 16వ వారము వరకు దీనిలో రక్తనాళము లుండవు. అటుపిమ్మట అవి దృష్టినాడి కడ మొదలై నలుదిక్కులకు ప్రాకును. ముక్కువైపు అంచును సుమారు 36వ వారమునకు, కణతవైపు అంచును సుమారు 40వ వారమునకు చేరును. అంతకు ముందే కాన్పు జరిగినచో అంచులకు నాళములు చేరియుండవు.

ఆ కాన్పుతో శిశువు మరియొకటి కోల్పోవుచున్నది. గర్భకాలమున మావి ఈస్ట్రోజను అను హార్మోనును మిక్కుటముగా తయారుచేయును. తాళమునకు తాళపుచెవి వలె, ఈ హార్మోను కణములందలి గ్రాహకములకు అమరినపుడే పనిచేయును. వీనిలో బీటా అను రెండవ రకము 1996లో తెలియవచ్చినది. ఈ గ్రాహకములు మనుష్యుల రెటీనాయందును కలవు. మావి వేరుపడగనే శిశువునకు ఆ హార్మోను సరఫరా హఠాత్తుగా తగ్గిపోవును. ఈ లోటు కంటి ఎదుగుదలకు ఎంత చెరుపు చేయునో శాస్త్రజ్ఞులు పరిశోధించుచున్నారు. ఇంతవరకు ఈస్ట్రోజను ఈ వ్యాధికి చికిత్సగా స్థిరపడలేదు. కావున అట్టి మందులను ఎవరును స్వయముగా వాడరాదు.

ప్రాణవాయువు సంగతి మాత్రము నిశ్చయముగా తెలిసినది. ఈ వ్యాధిని 1942లో అమెరికాలో టెర్రీ అను వైద్యుడు వర్ణించెను. మితిమీరిన ప్రాణవాయువే కారణము కావచ్చునని 1951లో ఆస్ట్రేలియా వైద్యురాలు కేట్ కాంప్‌బెల్ సూచించెను. అది మితిమీరినచో నాళముల ఎదుగుదల ఆగిపోవును. పిదప పోషణ చాలని రెటీనా నుండి వెలువడు సంకేతముల వలన దుర్బలమైన క్రొత్త నాళములు పుట్టి, రక్తము స్రవించి, తుదకు రెటీనానే ఊడదీయును. అపుడు చూపు మరల తెచ్చుట మిక్కిలి కష్టము.

బయటికి మాత్రము బిడ్డ కన్ను నిర్మలముగానే కనబడును. అపాయమంతయు ఇందే యున్నది. 34 వారములు నిండక పుట్టినను, 2000 గ్రాములకు తక్కువ తూగినను, పుట్టిన 30 దినములలోపున నేత్రవైద్యునిచే రెటీనా పరీక్ష చేయింపవలెను. 28 వారములకు లేక 1200 గ్రాములకు లోపువారికి రెండు మూడు వారములకే చేయింపవలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమందు ఈ వ్యాధియు చేర్చబడినది. అవసరమైనచో తగిన వేళకు చేయు లేసరు చికిత్స చూపును కాపాడగలదు.

కాన్పునకై పుట్టింటికి వెళ్లుట, పసిబిడ్డను కొన్ని నెలలు గడప దాటింపకుండుట తెలుగు కుటుంబములలో వాడుక. ఈలోపుననే ముప్పదవ దినము దాటిపోవచ్చును. పండరీ యందలి జిల్లా ఆసుపత్రిలో గాని, పుట్టింటి ఊరిలో గాని కాన్పు జరిగినను, ఇంటికి పంపునపుడే పరీక్ష తేదీని, స్థలమును చీటిపై వ్రాయించుకొనవలెను. ఆ తేదీ ఏ వేడుక కొరకును వాయిదా పడరాదు.