అట్టపెట్టె మీది అంకెలు

1975 ఆగస్టు మొదలుకొని ఒక సంవత్సరకాలము అమెరికావారి ఉపగ్రహ మొకటి మన దేశమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు నేరుగా దృశ్యప్రసారముల నందించినప్పుడు, ఆంధ్రప్రదేశపు పల్లెలును అందు పాలుపంచుకొన్నవి. ఆ పల్లెలకు చేరిన టీవీ పెట్టెలు తయారైనది మన హైదరాబాదునందలి ఇ.సి.ఐ.ఎల్. కర్మాగారమున. ఊరి కొక్క పెట్టె, దాని ముందు ఊరంతయు. ఏది కొనవలెనను చింత యెవరికిని లేదు. నేడు చిన్న పట్టణమున సైతము దుకాణము గోడ నిండ తెరలు వెలుగుచుండ, ఒక్కొక్కదాని అట్టపెట్టెపై పది అంకెలు కొనువానిని తికమకపెట్టుచున్నవి. ఈ అంకెలలో పచ్చి అబద్ధములు తక్కువ. ఏ షరతుమీద కొలిచినవో చెప్పకుండుట మాత్రము సర్వసాధారణము.

టీవీలతో మొదలుపెట్టుదము. ఎల్ఈడీ టీవీ యనబడునది నిజమునకు ద్రవస్ఫటికముల తెర. ఎల్ఈడీలు ఆ తెరకు వెనుకనుండి వెలుగునిచ్చు దీపములు మాత్రమే. క్యూఎల్ఈడీ యన్నను ఆ తెరయే, రంగులకు నిగారింపు దెచ్చు సూక్ష్మకణముల పొర యొకటి అదనము. ఓఎల్ఈడీ వేరు జాతి: అందు ప్రతి చుక్కయు తానే వెలిగి తానే ఆరును గనుక నలుపు నిజముగా నలుపై కనబడును, చీకటి గదిలో సినిమా చూచువారికి అంతకు మించినది లేదు. ఐతే ఉదయము కాఫీ మొదలు రాత్రి భోజనము వరకు ఒకే వార్తాచానలు మ్రోగుచుండు ఇండ్లు మనలో తక్కువ కావు; తెర మూలను కదలక నిలుచు చానలు ముద్ర, అడుగున ఎడతెగక సాగు ఎఱ్ఱని పట్టీ కొన్నియేండ్లకు ఓఎల్ఈడీ తెరపై చెరగని నీడగా మిగులవచ్చును. అట్టి యింటికి సాధారణమైన తెరయే క్షేమకరము, చౌక కూడ.

ఇక 4కె యను మాట. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డముగా 1920 చుక్కలు, 4కె తెరలో 3840. 43 అంగుళముల టీవీ యనగా మూలనుండి మూలకు కొలత. దాని వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు. ఈ వెడల్పును 1920 చుక్కలకు పంచినచో ఒక్కొక్క చుక్క అరమిల్లీమీటరు. ఆరోగ్యమైన మానవనేత్రము అంత చిన్న చుక్కను విడిగా గుర్తింపగలిగినది సుమారు అయిదున్నర అడుగుల దూరము వరకే. తొమ్మిదడుగుల దూరమున సోఫా వేసికొన్న గృహస్థునకు ఆ పరిమాణపు తెరలో 4కె వలన కలుగు లాభ మత్యల్పము; పైపెచ్చు కేబులువారు పంపు ప్రసారము పాతకొలతది యైనప్పుడు తెర యెంత సూక్ష్మమైన నేమి? పెద్ద తెర కొనువారికి, దగ్గర కూర్చుండువారికి మాత్రము ఆ అంకె పనికివచ్చును. పరిమాణము పెరిగిన కొలది 4కె కానిది అంగడిలో దొరకుటయే అరిది గనుక, అచ్చట ఈ చర్చయే అనవసరము.

దుకాణములోని బొమ్మను చూచి మోసపోరాదు. అచ్చటి దీపకాంతిలో ప్రక్కవానిని మించి కనబడుటకై ప్రతి టీవీనీ గరిష్ఠకాంతిలో, రంగులు కాటుకవలె దట్టించి నిలుపుదురు. ఇంటికి వచ్చిన పిమ్మట అమరికలలో సినిమా యను పద్ధతి నెంచుకొని, చలనమును నునుపుచేయు సౌకర్యమును ఆపివేసినచో, సెకనుకు 24 చిత్రములుగా తీసిన సినిమా సీరియలువలె జారిపోక సినిమావలెనే కనబడును. విద్యుత్తు ఖర్చును తగ్గును. టీవీని బిగించువాడు ఇంటనుండగనే తెల్లని, నల్లని చిత్రములు చూపించుమని యడిగి మచ్చలు, పగుళ్లు పరీక్షింపవలెను. తెర పగిలినచో హామీ వర్తించదని ఏ కాగితమునందైనను చిన్న అక్షరములతో వ్రాసియుండును. స్టెబిలైజరు కొనుమని అమ్మువాడు పట్టుబట్టినప్పుడు టీవీ వెనుకవైపు చూడుడు: 100 నుండి 240 వోల్టుల వరకని యున్నచో సాధారణమైన హెచ్చుతగ్గులను అదియే భరించును. ఉరుముల వేళ మాత్రము కరెంటు ప్లగ్గును, కేబులు తీగను రెండింటిని ఊడదీయుటకు మించిన రక్షణ లేదు.

బ్యాటరీల సంగతి ఇంతకంటె జటిలము, ఇంతకంటె ధనవ్యయకారకము. ఇన్వర్టరుకు 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ యొకటి తెచ్చితిమనుకొందము. 12 వోల్టులతో గుణించిన 1800 వాట్-అవర్లు. మూడు పంకాలు, నాలుగు దీపములు, ఒక టీవీ కలిసి 350 వాట్లు. భాగించిన అయిదు గంటలు. అమ్మువాని లెక్క యిదియే. కాని మూడు, మూడున్నర గంటలకే ఇన్వర్టరు కూతవెట్టును. కారణము బ్యాటరీమీదనే యున్నది, సి20 యను గుర్తులో: ఇరువది గంటలు తీరికగా, ఏడున్నర ఆంపియర్ల చొప్పున తోడుకొనినప్పుడే దానినుండి 150 వచ్చును. మన భారమునకు ముప్పది ఆంపియర్లకు పైబడి కావలెను. త్వరగా తోడినకొలది సీసపు బ్యాటరీ ఇచ్చునది తగ్గును, ఇన్వర్టరు తన వంతు మరికొంత మ్రింగును. సి10 అని వ్రాసిన 150, సి20 అని వ్రాసిన 150 కంటె మిన్న యని తెలిసి బేరమాడువారు మాత్రము అరుదు.

హామీ విషయమున మరియొక చమత్కారము. అరువది నెలలని పెద్ద అక్షరములలో నున్నదాని క్రింద 36+24 అని యుండును. మొదటి 36 నెలలలో చెడినచో మార్చియిత్తురు. తరువాతి 24 నెలలలో క్రొత్తదాని అచ్చుధరపై కొంత తగ్గింపు మాత్రమే. ఎవరును అచ్చుధరకు కొనరు గదా, ఆ తగ్గింపు బజారుధరతో పోల్చిన ఎంతయు మిగులదు. కావున మొదటి అంకెనే హామీగా నెంచి ధరలు పోల్చుడు. తయారైన తేదీని అడిగి, నెలల తరబడి గిడ్డంగిలో పడియున్నదానిని నిరాకరింపుడు. వాడక యుంచిన సీసపు బ్యాటరీ తనంతట నీరసించి లోపలి ఫలకములపై గంధకిత లవణము పేరుకొనును. తెచ్చిన పిదప డిస్టిల్డ్ వాటరు తప్ప వేరేమియు పోయరాదు, ఆమ్లమసలే పోయరాదు. చార్జింగువేళ హైడ్రోజన్ వాయువు వెలువడును గనుక మూసిన బీరువాలో పెట్టరాదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగిన ఆయువు ఇంచుమించు సగమగునన్నది ఈ రంగమున చిరకాలముగా నమ్ము లెక్క. రామగుండము వేసవిలో పడమటి ఎండ తగులు మేడమెట్ల క్రింద దానిని నిలుపువారు ఈ మాట తలచుకొనవలెను. నీటి బెడద లేని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు ఇప్పుడు వచ్చినవి. ధర యెక్కువైనను, కోతలు తరచైన ఊరివారికి గిట్టును. ఏడాదికి పదిమార్లు కరెంటుపోవు నగరవాసికి గిట్టదు.

పవర్ బ్యాంకుమీది 10000 కూడ ఇట్టిదే. అది లోపలి కణముల 3.7 వోల్టులవద్ద కొలిచినది. ఫోనుకు 5 వోల్టులుగా మార్చునప్పుడు మిగులునది ఆరువేలకు కొంచెము పైన. ఈ సంఖ్యయు డబ్బామీదనే చిన్న అక్షరములలో నుండును. చౌక టార్చిలైట్లలోని వ్రేలెడు లిథియం కణముపై 9900 అని కనబడిన నమ్మరాదు: 18650 అను ఆ పరిమాణమున సాధారణముగా దొరకు మేలైనది 3500 ప్రాంతమున నిలిచినది. గోడగడియారమునకు, రిమోటుకు రీచార్జి సెల్లులు దండుగ. పిల్లల బొమ్మలకు, కెమెరా ఫ్లాష్‌కు కొనినచో డబ్బు త్వరలోనే తిరిగివచ్చును. ఫోను, ల్యాప్‌టాపు బ్యాటరీలను నిండుగా నింపి వేడిమిలో నుంచుటకంటె ఎనుబది శాతమువద్ద నాపుట మేలు. ఉబ్బిన బ్యాటరీని గ్రుచ్చరాదు, నొక్కరాదు.

బిల్లు లేని కొనుగోలునకు హామీ లేదు. సొమ్ము చెల్లించి న్యాయము పొందనివారు జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2019 నాటి చట్టము ప్రకారము తాము నివసించు జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు వేయవచ్చును, అమ్మినవాని ఊరికి పోనక్కరలేదు. పాత సీసపు బ్యాటరీని తూకమునకు కొను వీధి వర్తకునకు వేయక క్రొత్తది కొనుచోటనే మార్పిడికిచ్చి, దాని విలువను బిల్లులో వేరుగా వ్రాయించుకొనుడు. వాడిపారేసిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యతను 2022 నాటి నిబంధనలు తయారీదారులపై నుంచినవి. పెరటిలో కరగించిన సీసపు పొగ మొదట చేరునది ఆ పెరటి పిల్లల రక్తములోనికే.